కాలేయం కళ్లుగప్పిన మాత్ర

గోదావరి జిల్లాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. ఇద్దరు పిల్లలు పుట్టాక ఆపరేషన్ అయిపోయిందా అని అడుగుతారు తప్ప, ఏ పద్ధతి వాడుతున్నావని ఎవరూ అడగరు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. గర్భనిరోధక మాత్రలు వాడేవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఈ అంకెలు చూసి హార్మోన్ మాత్రలతో డెల్టాకు పనేముందిలే అనుకుంటే పొరపాటు. అవే హార్మోన్లు వేరే పేర్లతో ఇళ్లలోకి వస్తూనే ఉన్నాయి. పెళ్లి ముహూర్తానికి నెలసరి అడ్డొచ్చేలా ఉన్నా, అన్నవరం కొండ మీద వ్రతం ఉన్నా, పుష్కర స్నానానికి రాజమండ్రి వెళ్లాల్సి ఉన్నా మందుల షాపులో వాయిదా మాత్రలు దొరుకుతాయి. పీసీఓడీ అన్న అమ్మాయికి ఆర్నెల్ల మాత్రలు రాస్తారు. అధిక రక్తస్రావానికి, నెల తప్పినందుకు, అత్యవసర గర్భనిరోధానికి ఇచ్చేవీ హార్మోన్లే. ఈ వాడకంలో ఎక్కువ భాగం కుటుంబ నియంత్రణ లెక్కల్లోకి రాదు. ఆపరేషన్‌తో పని ముగించుకున్న ప్రాంతం కాబట్టి, ఈ మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే అలవాటు వైద్యులకూ తక్కువే, అడిగే అలవాటు ఆడవాళ్లకూ తక్కువే. ఆ సమాచారం లేకపోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం చిన్నది కాదు.

అసలు ఇలాంటి మాత్ర తయారు కావడమే ఒక విశేషం. స్త్రీ శరీరంలో సహజంగా ఉండే ఎస్ట్రడయోల్‌ను నోటి ద్వారా ఇస్తే అందులో సుమారు 5 శాతమే రక్తానికి చేరుతుంది. ప్రొజెస్టెరాన్ పరిస్థితీ దాదాపు అంతే. పేగు నుంచి బయల్దేరిన రక్తం నేరుగా గుండెకు పోదు. ముందు కాలేయం గుండా సాగుతుంది. పండిన ధాన్యం ఇంటికి చేరకముందే కళ్లంలోనే అప్పులవాళ్లు కొలుచుకుపోయినట్టు, హార్మోన్‌లో సింహభాగాన్ని పేగు గోడ, కాలేయం కలిసి అక్కడే విరిచేస్తాయి.

1938లో బెర్లిన్‌లోని షేరింగ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు ఇన్‌హోఫెన్, హోల్‌వెగ్ దీనికి ఉపాయం కనిపెట్టారు. ఎస్ట్రడయోల్ అణువులో పదిహేడో కార్బన్ దగ్గర ఇథినైల్ అనే చిన్న తోక తగిలించారు. దాంతో కాలేయపు ఎంజైమ్‌లకు దాన్ని విరవడం కష్టమైంది. అలా పుట్టిందే ఇథినైల్ ఎస్ట్రడయోల్. 1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ ప్రయోగశాలలో, అడవి దుంపల నుంచి తీసిన ముడిసరుకు ఆధారంగా ప్రొజెస్టెరాన్ తరహా నార్‌ఇథిస్టెరాన్ తయారైంది. 1960లో అమెరికా అనుమతించిన తొలి మాత్ర ఎనోవిడ్‌లో 150 మైక్రోగ్రాముల మెస్ట్రనాల్ ఉండేది. కాలేయం దాన్ని ఇథినైల్ ఎస్ట్రడయోల్‌గా మార్చాకే అది పనిచేసేది. మన ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా–ఎన్‌లో ఇప్పుడున్నది 30 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయోలే. మోతాదు ఇంత తగ్గడం స్త్రీలకు మేలే. కాకపోతే వాంతో, మరో మందో మధ్యలో అడ్డం పడితే తట్టుకునే వెసులుబాటు కూడా దాంతోపాటే తగ్గింది. తర్వాతి చిక్కులు చాలావరకు ఇక్కడి నుంచే మొదలవుతాయి.

మాలా–ఎన్ ప్యాకెట్‌లో 28 బిళ్లలుంటాయి. వాటిలో 21 హార్మోన్ బిళ్లలు, 7 ఐరన్ బిళ్లలు. ఒక్కో హార్మోన్ బిళ్లలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ (ఇదీ ప్రొజెస్టెరాన్ తరహాదే), 0.03 మిల్లీగ్రాముల ఇథినైల్ ఎస్ట్రడయోల్ ఉంటాయి. మింగిన గంట, రెండు గంటల్లో రెండూ రక్తంలో పతాక స్థాయికి చేరతాయి. అయితే వాటి దారులు వేరు. లెవోనార్జెస్ట్రెల్ దాదాపు మొత్తం రక్తానికి చేరుతుంది. ఇథినైల్ ఎస్ట్రడయోల్‌లో సగటున 40–45 శాతమే చేరుతుంది, అదీ మనిషిని బట్టి మారిపోతుంది. ఒకే బిళ్ల మింగిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరి రక్తంలో రెండోవారికి రెట్టింపు ఎస్ట్రజన్ కనిపించినా వింతేమీ లేదు. ఒకరికి వికారం, తలనొప్పి, రెండోవారికి మధ్యమధ్యలో చుక్కలు చుక్కలుగా రక్తం కనపడటం వెనుక ఈ తేడా కూడా ఉంటుంది. ‘నాకు పడలేదు’ అన్నమాటను ఊరికే కొట్టిపారేయకూడదనడానికి ఇదొక కారణం.

రక్తంలోకి వచ్చిన హార్మోన్ కూడా స్వేచ్ఛగా తిరగదు. లెవోనార్జెస్ట్రెల్‌లో సుమారు సగం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను, మిగతాది ఆల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది. విడిగా ఉండి పనిచేసేది ఒకటి, రెండు శాతమే. ఎస్ట్రజన్ కాలేయాన్ని ప్రేరేపించి ఎస్‌హెచ్‌బీజీని ఎక్కువ తయారు చేయిస్తుంది. మొటిమలు, అవాంఛిత రోమాలు ఉన్న పీసీఓడీ అమ్మాయిలకు ఈ మాత్రలు రాయడంలో ఒక కిటుకు ఇదే. పెరిగిన ప్రొటీన్ పురుష హార్మోన్‌నూ పట్టి ఉంచుతుంది.

ఇథినైల్ ఎస్ట్రడయోల్ సగానికి తగ్గడానికి 10 నుంచి 20 గంటలు, లెవోనార్జెస్ట్రెల్‌కు దాదాపు ఒక రోజు పడుతుంది. రోజూ ఒకే వేళకు వేసుకోమనడం వెనుకున్న లెక్క ఇదే. ఒక్క బిళ్ల మరచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని కొనసాగిస్తే చాలు. వరసగా రెండు, మూడు తప్పితే మాత్రం ఏడు రోజులు కండోమ్ వాడాలి. అండాశయాన్ని మళ్లీ నిద్రపుచ్చడానికి ఏడు రోజుల హార్మోన్ కావాలి మరి. అన్నిటికంటే ప్రమాదం ప్యాకెట్ మొదట్లోనో, చివర్లోనో మరచిపోవడం. అప్పుడు హార్మోన్ లేని వారం ఇంకా పొడుగవుతుంది. ఐరన్ బిళ్లలు మరచిపోతే గర్భనిరోధానికి వచ్చిన నష్టమేమీ లేదు, కాకపోతే కొత్త ప్యాకెట్ తేదీ తప్పకూడదు. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. తీవ్రమైన విరేచనాలు ఒక రోజు దాటితే మాత్ర తప్పినట్టే లెక్క. వరదనీళ్లు వచ్చి వెళ్లాక విరేచనాలు ఊరూరా కనిపించే లంక గ్రామాల్లో ఈ సంగతిని మాత్రతోపాటే చెప్పి పంపాలి.

పండ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. గ్రేప్‌ఫ్రూట్ రసం పేగు గోడలోని ఎంజైమ్‌ను మందగింపజేస్తుందని, దానితో మాత్ర మింగితే ఎస్ట్రజన్ పతాక స్థాయి మూడో వంతు పెరుగుతుందని 1996లో ప్రచురితమైన ఒక పరిశీలనలో తేలింది. వినాయకచవితి పాలవెల్లికి కట్టే మన పంపర పనస ఆ గ్రేప్‌ఫ్రూట్‌కు జన్మనిచ్చిన పండే. అలాగని పండు మానేయాల్సిన పనిలేదు. మనుషుల మధ్య సహజంగా ఉండే తేడా ముందు అంత పెరుగుదల పెద్ద లెక్కలోది కాదు.

పేద స్త్రీల ఒంట్లో ఈ మందులు ఎలా సాగుతాయన్న ప్రశ్నకు తెలుగు నేల మీద తొలినాళ్లలోనే పరిశోధన జరిగింది. పాశ్చాత్య దేశాల్లో పుష్టిగా తిన్న స్త్రీల మీద లెక్కగట్టిన మోతాదు, అర్ధాకలితో పొలం పనికెళ్లే ఆడమనిషికి సరిపోతుందా? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు తక్కువ ఆదాయ వర్గాల భారతీయ స్త్రీలలో లెవోనార్జెస్ట్రెల్, నార్‌ఇథిస్టెరాన్ రక్తంలో ఎంతకాలం, ఎంత మేర ఉంటాయో కొలిచి 1979 ప్రాంతంలో ప్రచురించారు. మెహతాబ్ బాంజీ, ప్రేమ తదితరులు మాత్రలు వాడే స్త్రీలలో బి విటమిన్ల స్థితిగతులను పరిశీలించారు. ఇప్పుడు ప్రశ్న తిరగబడింది. ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో మూడో వంతుకు పైగా అధిక బరువు ఉన్నవారే. ఆకలి శరీరానికి సరిపోతుందా అన్న చోట ఇప్పుడు బరువైన శరీరానికి చాలుతుందా అని అడగాల్సి వస్తోంది.

ఆ ప్రశ్న ముందుగా అత్యవసర మాత్ర దగ్గర తగిలింది. 2007లో సిప్లా విడుదల చేసిన ఐ–పిల్ టీవీ ప్రకటనలతో ఇంటింటికీ తెలిసింది. అందులోనూ ఉన్నది లెవోనార్జెస్ట్రెలే, కాకపోతే 1.5 మిల్లీగ్రాములు. అంటే పది మాలా–ఎన్ బిళ్లల్లో ఉన్నంత. 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా వేసుకోవాలి. స్థూలకాయం ఉన్న స్త్రీలలో ఈ మందు రక్తస్థాయి, మామూలు బరువున్నవారి కంటే దాదాపు సగమే ఉంటుందని పరిశీలనలు చెప్పాయి. ఐరోపా ఔషధ సంస్థ 2014లో అన్నీ పరిశీలించి, బరువు కారణంగా వాడకం ఆపనక్కర్లేదంది. బ్రిటన్ వైద్యులు మాత్రం 70 కిలోలు దాటినవారికి రెట్టింపు మోతాదు ఇవ్వవచ్చంటారు. కాపర్–టీ అయితే ఈ తకరారే లేదు. ఐదు రోజుల్లోపు వేయించుకుంటే బరువుతో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది.

డెల్టాలో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యంగా వాడేది వాయిదా మాత్ర. అందులో ఉండేది నార్‌ఇథిస్టెరాన్ 5 మిల్లీగ్రాములు. నెలసరికి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు చొప్పున వేసుకుంటారు. ఆపిన రెండు, మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఇది ఉత్త ప్రొజెస్టెరాన్ తరహా మందే కదా, ఎస్ట్రజన్ భయం లేదని చాలామంది నమ్మకం. కాలేయం అక్కడే చిన్న కిరికిరి పెడుతుంది. మింగిన నార్‌ఇథిస్టెరాన్‌లో నూటికి ఒక వంతు కంటే తక్కువ భాగాన్ని అది ఇథినైల్ ఎస్ట్రడయోల్‌గా మార్చేస్తుంది. వినడానికి అది లెక్కలోకి రాని భాగమే. కానీ రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకునేచోట, ఆ కొద్ది భాగమే 20–30 మైక్రోగ్రాముల ఎస్ట్రజన్ మాత్ర మింగినంత అవుతుంది. అంటే వ్రతం కోసం వేసుకున్న మాత్ర, ఎస్ట్రజన్ సంగతిలో దాదాపు ఒక మాలా–ఎన్.

ఇథినైల్ ఎస్ట్రడయోల్ కాలేయంలో రక్తం గడ్డకట్టే ప్రొటీన్లను పెంచుతుంది. ఐరోపా ఔషధ సంస్థ లెక్క ప్రకారం మాత్రలు వాడని పదివేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి సిరల్లో గడ్డలు ఏర్పడితే, లెవోనార్జెస్ట్రెల్ కలిసిన మాత్రలు వాడేవారిలో ఐదు నుంచి ఏడుగురికి ఏర్పడతాయి. పీసీఓడీకి ఎక్కువగా రాసే డ్రోస్పిరినోన్ మాత్రలతో 9 నుంచి 12 మందికి. పదివేలల్లో డజను అంటే గుండెలు బాదుకోవాల్సిన అంకె కాదు, గర్భిణికి, బాలింతకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. కానీ ఇంతకుముందు కాలిలో గడ్డకట్టిన స్త్రీకి, ఈమధ్యే పెద్ద ఆపరేషన్ అయిన స్త్రీకి, మైగ్రేన్‌తోపాటు కళ్ల ముందు మెరుపులు కనపడే స్త్రీకి, పొగతాగే నడివయసు మనిషికి అది లెక్కలోకి తీసుకోవాల్సిన అంకే. వాయిదా మాత్ర అడిగినప్పుడు కౌంటర్ వెనుక నుంచి వచ్చే ప్రశ్న మాత్రం సాధారణంగా ఒక్కటే, ‘ఎన్ని రోజులకమ్మా?’ పైగా ఈ మాత్రను ఇలా వాడితే గర్భం రాదనే భరోసా కూడా లేదు. ఆ సంగతి కొత్తగా పెళ్లైనవాళ్లకు చెప్పేవారు అరుదు.

ఇక ఇతర మందులతో పేచీ. 1971లో జర్మనీలో రైమర్స్, యెజెక్ అనే వైద్యులు ఒక వింత గమనించారు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్న స్త్రీలలో గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నా మధ్యలో రక్తస్రావం కనిపించింది. కొందరికి గర్భం కూడా వచ్చినట్టు తర్వాత తేలింది. రిఫాంపిసిన్ కాలేయాన్ని కొరడా పెట్టి తరిమినట్టు ఎంజైమ్‌లను పుట్టిస్తుంది. ఆ ధాటికి ఇథినైల్ ఎస్ట్రడయోల్ సగం వరకూ, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే మాయమవుతుంది. మన టీబీ కార్యక్రమంలో ఈ మందు ఆరు నెలలూ రోజూ ఉంటుంది. కోర్సు ముగిశాక కూడా ఎంజైమ్‌లు మామూలు స్థాయికి రావడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. టీబీ మందులిచ్చే చోట గర్భనిరోధం గురించి, మాలా–ఎన్ ఇచ్చే చోట టీబీ గురించి అడగడం ఒక్క నిమిషం పని.

మూర్ఛ మందుల్లో ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా ఈ కోవలోవే. లామోట్రిజిన్ సంగతి తిరగేసింది. ఎస్ట్రజనే ఆ మందును సగానికి తగ్గించి ఫిట్స్ మళ్లీ తెప్పించగలదు. సోడియం వాల్‌ప్రోయేట్ మాత్ర పనితీరును చెడగొట్టదు, కాకపోతే గర్భం వస్తే బిడ్డకు దానంత చెడ్డది లేదు. అందుకే ఆ మందు వాడే స్త్రీకి గర్భనిరోధం మరీ గట్టిగా ఉండాలి.

ఒకప్పుడు హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాల జాబితాలో తూర్పు గోదావరి ముందు వరుసలో ఉండేది. ఏఆర్‌టీ కేంద్రాల్లో ఏళ్లతరబడి ఇచ్చిన ఎఫావిరెంజ్ కూడా హార్మోన్లను కరిగించే మందే. చర్మం కింద ఇంప్లాంట్ ఉండి ఎఫావిరెంజ్ వాడిన కెన్యా స్త్రీలలో గర్భాలు ఎక్కువయ్యాయని 2015లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఇప్పుడు ఆ స్థానంలోకి వచ్చిన డోలుటెగ్రావిర్‌తో ఈ తలనొప్పి లేదు.

అన్ని యాంటీబయాటిక్‌లూ మాత్రను పాడుచేస్తాయన్నది మాత్రం పుకారే. దీని వెనుక నమ్మదగినట్టు కనిపించే తర్కం ఒకటుంది. కాలేయం పైత్యరసంతో పేగులోకి వదిలిన ఎస్ట్రజన్‌ను అక్కడి సూక్ష్మజీవులు విడదీస్తే కొంత మళ్లీ రక్తంలోకి వస్తుంది. యాంటీబయాటిక్ ఆ సూక్ష్మజీవుల్ని చంపితే ఆ రాబడి ఆగిపోతుందని అనుమానించారు. టెట్రాసైక్లిన్‌లు ఈ నింద మోసిన మందుల్లో ముఖ్యమైనవి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టి రాజమండ్రిలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధనకు సారథ్యం వహించిన రోజుల్లో బెంజమిన్ డగ్గర్ చేతుల మీదుగా వెలుగు చూసి, 1948లో లోకానికి తెలిసింది. తర్వాత స్త్రీల రక్తంలో కొలిచి చూస్తే హార్మోన్ స్థాయి తగ్గలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మామూలు యాంటీబయాటిక్‌లతో మాత్ర వాడటానికి ఏ అభ్యంతరమూ చెప్పదు. గోదావరి బిడ్డ మీద పడ్డ నింద అలా తొలగిపోయిందనుకోవచ్చు.

నోటి దారిలో ఇన్ని ఆటంకాలున్నాయి కాబట్టే సూది వచ్చింది. సూది చరిత్రలో తెలుగు పేజీ ఒకటుంది, అది అంత తీయనిది కాదు. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్–ఎన్ అనే రెండు నెలల సూదిమందు ప్రయోగానికి శిబిరం పెట్టారు. ఇది ప్రయోగమని, దీనికి దుష్ప్రభావాలుంటాయని ఆడవాళ్లకు సరిగా చెప్పలేదని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం నిలదీసింది. 1986లో సహేలీ తదితర సంస్థలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ వ్యాజ్యం 2000 దాకా నడిచింది. సూదికి ఉన్న సౌకర్యమే దాని చిక్కు కూడా అని ఆ స్త్రీలు పట్టుకున్నారు. మాత్ర పడకపోతే రేపటి నుంచి మానేయవచ్చు. కండలోకి దిగిన మందును వెనక్కి తీయలేం.

ఆ చిక్కు ఏమిటో డీఎంపీఏ అనే మూడు నెలల సూదిమందును చూస్తే తెలుస్తుంది. 2017 నుంచి ప్రభుత్వం అంతర పేరుతో ఉచితంగా ఇస్తున్నది ఈ మందునే. ఇది నీళ్లలో కరగని సన్నటి స్ఫటికాలు తేలుతుండే ద్రవం. 150 మిల్లీగ్రాములు కండలో పడి, అక్కడే నిల్వగా ఉండి, నెమ్మదిగా కరుగుతూ వస్తుంది. రక్తంలోకి వచ్చిన మందును శరీరం త్వరగానే వదిలించుకుంటుంది, కానీ కండలోంచి రావడమే ఆలస్యం. అందుకే రక్తస్థాయి సగానికి తగ్గడానికి దాదాపు 50 రోజులు పడుతుంది. సూది వేసిన చోట రుద్దవద్దని, కాపడం పెట్టవద్దని ఏఎన్‌ఎం చెప్పేది ఇందుకే. రుద్దితే కరగడం వేగమై మూడు నెలల మందు ముందే అయిపోవచ్చు. తర్వాతి సూదికి రెండు వారాలు ముందుగానైనా, నాలుగు వారాలు ఆలస్యంగానైనా రావచ్చన్న వెసులుబాటు కూడా ఈ నెమ్మదితనం పుణ్యమే. ఆపాక గర్భం రావడానికి చివరి సూది నుంచి సగటున తొమ్మిది, పది నెలలు పడుతుంది. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునే జంటకు ఈ మాట ముందే చెప్పకపోతే అత్తవారింట్లో గొడ్రాలన్న మాట పడాల్సింది ఆ అమ్మాయే.

రిఫాంపిసిన్, ఫిట్స్ మందులు ఈ సూదిని ఏమీ చేయలేవు. డీఎంపీఏను కాలేయం మామూలుగానే, రక్తం ఎంత వస్తే అంత వేగంగా తొలగిస్తుంది. ఎంజైమ్‌లు పెరిగినంత మాత్రాన ఆ వేగం ఇంకేమీ పెరగదు. టీబీ కోర్సులో ఉన్న స్త్రీకి మాలా–ఎన్ కంటే అంతర మేలన్నది ఇందుకే. కాపర్–టీలో హార్మోనే లేదు కాబట్టి దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

అంతరతోపాటు ఇచ్చే ఛాయ బిళ్ల హార్మోన్ కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్ అది. సగానికి తగ్గడానికి వారం పడుతుంది కాబట్టి మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొక్కటి చాలు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోవడం కష్టమనేవారికి ఇది అనువు. మొదట్లో నెలసరి ఆలస్యం కావచ్చు, ఆ సంగతి తెలియనివాళ్లు గర్భమేమోనని హడలిపోతారు.

మోచేతి పైభాగంలో చర్మం కింద పెట్టే ఇంప్లాంట్‌లో 68 మిల్లీగ్రాముల ఎటనోజెస్ట్రెల్ ఉంటుంది. మొదటి వారాల్లో రోజుకు 60–70 మైక్రోగ్రాములు విడుదలై, మూడో ఏటికి 25–30కి తగ్గుతుంది. అయినా అండం విడుదలను ఆపడానికి అది సరిపోతుంది. గర్భాశయంలో పెట్టే లెవోనార్జెస్ట్రెల్ లూప్ 52 మిల్లీగ్రాములు మోస్తూ రోజుకు 20 మైక్రోగ్రాములు వదులుతుంది. అదీ గర్భాశయ పొరలోనే ఎక్కువ, రక్తంలో తక్కువ. రిఫాంపిసిన్ వాడే స్త్రీకి కూడా దీన్ని నిశ్చింతగా పెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి కారణం అదే. అదే స్త్రీకి ఇంప్లాంట్ అయితే కొంత జాగ్రత్త అవసరం, మామూలు మాత్ర అయితే అసలు సిఫారసు చేయదు. పాలిచ్చే తల్లికి ఎస్ట్రజన్ మాత్రలు ఆరు నెలలు దాటేదాకా వద్దంటారు. ఎస్ట్రజన్ లేని పద్ధతుల్లో పాలలోకి వెళ్లేది చాలా తక్కువ. కాన్పు కాగానే ఆపరేషన్ కాకుండా, రెండో బిడ్డకు మూడేళ్ల ఎడం కావాలనుకునే ఇరవై రెండేళ్ల అమ్మాయికి ఏఎన్‌ఎం ముందుగా చెప్పాల్సినవి ఇవే.